చెవి తమ్మె కింద గడ్డ: మొదటి పరీక్ష నుంచి ఏటేటా చెకప్ దాకా నా అనుభవం

చెవి తమ్మె కింద ఉసిరికాయంత గడ్డ. నొప్పి లేదు, జ్వరం లేదు, నమలడానికి ఇబ్బంది లేదు. ఎప్పటి నుంచి ఉందమ్మా అని అడిగితే జవాబు నెలల్లో కాదు, ఏళ్ళల్లో వస్తుంది. లాలాజల గ్రంథిలో కణితి ఉన్నవాళ్ళు ఎక్కువగా ఇలాగే వస్తారు. ఈ పేషెంట్లను మొదటి రోజు నుంచి ఏటేటా చెకప్‌ల దాకా చూసే సర్జన్‌గా, ఏ దశలో ఏం చేస్తామో, ఎందుకు చేస్తామో, ఎక్కడ తేడా వస్తుందో రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు ఒక మాట. ఈ గడ్డ మీద ఎవరూ తొందరపడి కత్తి పెట్టకూడదు. సూది పరీక్ష, స్కాన్ లేకుండా "చిన్న గడ్డే, మత్తు సూది వేసి తీసేద్దాం" అని కోసేసిన కేసులే తర్వాత అందరికన్నా ఎక్కువ బాధపడతాయి.

లాలాజల గ్రంథుల్లో పెద్దవి మూడు జతలు. చెవి ముందూ కిందా పరుచుకుని ఉండేది పెరోటిడ్, దవడ ఎముక కింద ఉండేది సబ్‌మాండిబులర్, నాలుక కింద ఉండేది సబ్‌లింగువల్. ఇవి కాక పెదాల లోపల, బుగ్గల్లో, అంగిలిలో 600 నుంచి 1000 దాకా చిన్న చిన్న గ్రంథులుంటాయి. కణితుల్లో దాదాపు 80 శాతం పెరోటిడ్‌లోనే వస్తాయి, వాటిలో మళ్ళీ 80 శాతం దాకా క్యాన్సర్ కానివే. సబ్‌మాండిబులర్‌కి వచ్చేసరికి దాదాపు సగం క్యాన్సర్. నాలుక కింద గ్రంథిలోనూ, అంగిలిలోని చిన్న గ్రంథుల్లోనూ ఆ వాటా ఇంకా ఎక్కువ. గ్రంథి ఎంత చిన్నదైతే అనుమానం అంత పెద్దదిగా ఉండాలి. అందుకే అంగిలి మీద నున్నగా, నొప్పి లేకుండా ఉబ్బిన బుడిపెను "పంటి చీము" అనుకుని నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడటం చూస్తే నాకు బాధేస్తుంది. చీముగడ్డయితే నొప్పి ఉంటుంది, దాని పక్కన పుచ్చిన పన్ను ఉంటుంది. ఆ రెండూ లేకపోతే అది చీము కాదేమోనని ఆలోచించాలి.

గడ్డలన్నీ కణితులు కావు. తినేటప్పుడు ఉబ్బి గంటా రెండు గంటల్లో తగ్గిపోతే అది సాధారణంగా ఉమ్ము నాళంలో అడ్డుపడిన రాయి. రాళ్ళలో దాదాపు 80 శాతం దవడ కింది గ్రంథిలోనే ఏర్పడతాయి. పిల్లలకు జ్వరంతో చెవుల కింద వాపు వస్తే గవదబిళ్ళలు. రెండు పెరోటిడ్‌లూ మెత్తగా, నొప్పి లేకుండా పెద్దవైతే షుగర్, మద్యం అలవాటు గురించి అడుగుతాం, హెచ్ఐవీ పరీక్ష చేయిస్తాం. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు రెండు వైపులా నీటి తిత్తులు రావడం మామూలే. పెరోటిడ్ లోపల లింఫ్ గ్రంథులు కూడా ఉంటాయి కాబట్టి టీబీ అక్కడా గడ్డ కడుతుంది. మన దగ్గర దీన్ని మర్చిపోకూడదు. సూదితో తీసినప్పుడు జున్నులాంటి పదార్థం వస్తే దాన్ని టీబీ స్టెయిన్‌కీ, సీబీనాట్ పరీక్షకీ పంపాలి. టీబీ అయితే మందులతో పోతుంది, ఆపరేషన్ అక్కర్లేదు.

షోగ్రెన్స్ వ్యాధి ఉన్నవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. నోరు ఎండిపోతుంది, కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉంటుంది, రెండు పెరోటిడ్‌లూ అప్పుడప్పుడూ వాస్తుంటాయి. ఏళ్ళ తరబడి వాచి తగ్గుతూ ఉండటంతో వాళ్ళకు అది అలవాటైపోతుంది, చూసే డాక్టరుకీ అలవాటైపోతుంది. కానీ వీళ్ళకు ఆ గ్రంథిలోనే లింఫోమా, అంటే లింఫ్ కణాల క్యాన్సర్, వచ్చే ప్రమాదం మామూలు వాళ్ళకన్నా చాలా ఎక్కువ. వాపు తగ్గకుండా నిలిచిపోయినా, ఒక వైపు మాత్రమే గట్టిపడినా, కాళ్ళ మీద ఎర్రని మచ్చలు వచ్చినా, రక్తపరీక్షలో సీ4 అనే ప్రోటీన్ తగ్గినా "అది ఎప్పుడూ ఉండేదే" అని వదిలేయకూడదు. ఇక్కడ సన్న సూదితో తీసిన కణాలు చాలవు. లింఫోమాను తేల్చాలంటే ముక్క కావాలి.

ఇక పరీక్ష. నేను ముందు గడ్డ మీద చెయ్యి వెయ్యను, ముఖం చూస్తాను. ముఖాన్ని కదిలించే నరం పెరోటిడ్ గ్రంథి మధ్యలోంచే వెళ్తుంది. కాబట్టి ఈ వ్యవహారమంతా ఆ నరం చుట్టూనే తిరుగుతుంది. "నొసలు పైకెత్తండి, కళ్ళు గట్టిగా మూయండి, బుగ్గలు పూరించండి, పళ్ళు చూపించండి." ఒక్కొక్కటీ రెండు వైపులా పోల్చి చూసి కేస్ షీట్‌లో రాస్తాం, వీలైతే ఫోన్లో వీడియో తీసి పెట్టుకుంటాం. ఆపరేషన్ తర్వాత మూతి కాస్త పక్కకు పోతే అది ముందు నుంచీ ఉందా, కొత్తగా వచ్చిందా అన్నది ఆ వీడియోనే చెబుతుంది.

గడ్డతో పాటు ముఖంలో ఏ భాగమైనా పడిపోయిందంటే, కాదని తేలేదాకా క్యాన్సర్ అనే అనుకుంటాం. క్యాన్సర్ కాని కణితి ఎంత పెద్దదైనా నరాన్ని పక్కకు నెడుతుందే తప్ప చంపడం చాలా అరుదు. ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. మూతి వంకర పోగానే బెల్స్ పాల్సీ, అంటే కారణం తెలియకుండా ముఖనరం ఉన్నట్టుండి పడిపోవడం, అని స్టెరాయిడ్లు ఇస్తారు, ఫిజియోథెరపీ చేయిస్తారు, నాటు వైద్యుడి దగ్గర వాతలు పెట్టించుకునేవాళ్ళూ ఉన్నారు. బెల్స్ పాల్సీ మూడు రోజుల్లోపే పూర్తిగా ముదురుతుంది, తర్వాత మెల్లగా కోలుకుంటుంది. వారాల తరబడి కొంచెం కొంచెంగా ముదిరినా, ముందు కింది పెదవి, తర్వాత కన్ను అన్నట్టు కొమ్మ తర్వాత కొమ్మ పడిపోతున్నా, మూడు నెలలు దాటినా ఏమాత్రం కోలుకోకపోయినా పెరోటిడ్‌తో సహా నరం దారంతా కనిపించేలా ఎంఆర్ఐ తీయించాలి. లోపలెక్కడో దాగిన అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే రకం క్యాన్సర్ చేతికి తగలకుండానే నరాన్ని తినేస్తుంది.

తర్వాత గడ్డ. చెవి తమ్మెను పైకి లేపుతోందా, చర్మం దాని మీద జారుతోందా, అది కింది కండరానికి అంటుకుందా అని చూస్తాం. తర్వాత నోరు తెరిపిస్తాం. పెరోటిడ్ లోతు భాగంలోని కణితి బయటికి కాకుండా లోపలికి పెరిగి, టాన్సిల్‌నీ అంగిలినీ ముందుకు నెడుతుంది. దీన్ని టాన్సిల్ గడ్డ అనుకుని నోట్లోంచి కోస్తే రక్తనాళాలకూ ప్రమాదం, కణితి కణాలు చెదిరిపోతాయి కూడా. పై దవడలో రెండో దవడపంటి (మోలార్) ఎదుట బుగ్గలో పెరోటిడ్ నాళం తెరుచుకునే చిన్న రంధ్రం ఉంటుంది. గ్రంథిని వెనక నుంచి ముందుకు నిమిరితే అక్కడ తేటగా ఉమ్ము రావాలి. చీమో రక్తమో వస్తే దారి మారుతుంది. దవడ కింది గడ్డకైతే ఒక వేలు నోట్లో, ఒక చెయ్యి బయట పెట్టి రెండు వైపుల నుంచీ తడుముతాం. మెడ అంతా చూస్తాం. నెత్తి, కణత, చెవి దొప్ప కూడా వదలం. అక్కడి చర్మ క్యాన్సర్ పెరోటిడ్‌లోని లింఫ్ గ్రంథుల్లోకి పాకుతుంది. ఎప్పుడో తీయించుకున్న "నల్ల పుట్టుమచ్చ" గురించి పేషెంట్ చెప్పకపోవచ్చు, మనమే అడగాలి. పిల్లల్లో గట్టి గడ్డ ఉండి, అది రక్తనాళాల గడ్డ కాదని తేలితే దాదాపు సగం కేసుల్లో క్యాన్సర్ అవుతుంది. వాళ్ళ విషయంలో వేచి చూడటం ఉండదు.

మొదటి స్కాన్ అల్ట్రాసౌండ్. చవక, నొప్పి లేదు, ఎక్కడైనా దొరుకుతుంది. గడ్డ గ్రంథి లోపలుందా బయటుందా, గట్టిదా నీళ్ళున్నదా, అంచులెలా ఉన్నాయి, మెడలో లింఫ్ గ్రంథులున్నాయా అన్నవి చెబుతుంది. దవడ ఎముక చాటున ఉన్న లోతు భాగం మాత్రం దానికి కనపడదు. అల్ట్రాసౌండ్ చూస్తూనే సూది పరీక్ష చేయడం మంచిది, చేతి అంచనాతో గుచ్చితే గడ్డ పక్కన పడొచ్చు.

ఎఫ్‌ఎన్‌ఏసీ, అంటే సూది పరీక్ష, చాలామంది భయపడేంత పెద్ద విషయం కాదు. 23 నుంచి 25 గేజ్ సూది, రక్తం తీసే సూదికన్నా సన్నం. గట్టిగా లాగితే రక్తం కలిసి స్లైడ్ పాడవుతుంది కాబట్టి తక్కువ పీడనంతో, కొన్నిసార్లు సిరంజి లాగకుండానే, సూదిని గడ్డలో ముందుకూ వెనక్కూ నాలుగైదుసార్లు ఆడించి తీస్తాం. వచ్చిన చుక్కను వెంటనే స్లైడ్ల మీద పరచాలి. కొన్ని గాలికి ఆరబెట్టేవి, కొన్ని క్షణం ఆలస్యం లేకుండా ఆల్కహాల్‌లో ముంచేవి. రెండూ కావాలి, ఎందుకంటే కణాల మధ్య జిగురు పదార్థం ఆరిన స్లైడ్‌లో బాగా కనిపిస్తుంది, కణం గుండె, అంటే కేంద్రకం వివరాలు ఆల్కహాల్ స్లైడ్‌లో తెలుస్తాయి. ఆల్కహాల్‌లో వేయడం అర నిమిషం ఆలస్యమైతే కణాలు ఆరి ఉబ్బి, మామూలు గడ్డ కూడా అనుమానంగా కనిపిస్తుంది. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. ఇంత సన్న సూదితో అలా జరగడం అత్యంత అరుదు, ఆ భయంతో పరీక్ష మానుకోవడం వల్ల జరిగే నష్టం అంతకన్నా చాలా పెద్దది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందే చెప్పాలి, తమంతట తాము ఆపకూడదు.

రిపోర్టు ఇప్పుడు చాలాచోట్ల మిలాన్ పద్ధతిలో వస్తోంది. 2018లో వచ్చి 2023లో సవరించిన ఈ పద్ధతిలో ఆరు తరగతులుంటాయి. నాలుగో తరగతికి ఏ, బీ అని రెండు భాగాలు. పేషెంట్ చూడాల్సింది తరగతి నంబరు. "4ఏ, క్యాన్సర్ కాని కణితి" అని వస్తే అది క్యాన్సర్ అయ్యే అవకాశం 3 శాతం లోపే. "4బీ" అంటే కణితే కానీ ఏ రకమో సూదితో తేలలేదని. వీటిలో మూడో వంతు పైగా క్యాన్సర్‌గా తేలతాయి. ఆరో తరగతి అంటే దాదాపు ఖాయం. ఒకటో తరగతి "కణాలు చాలలేదు" అన్నది. ఇది నార్మల్ రిపోర్టు కాదు, మళ్ళీ చేయించుకోమని అర్థం. దీన్నే "ఏమీ లేదన్నారు" అని ఇంటికి తీసుకెళ్ళి ఏడాది తర్వాత తిరిగొచ్చేవాళ్ళున్నారు.

సూది పరీక్ష మోసం చేసే చోట్లు కొన్ని ఉన్నాయి. నీళ్ళు వచ్చాయి, కణాలు లేవు, "తిత్తి" అని రాశారనుకోండి. తక్కువ గ్రేడ్, అంటే మెల్లగా పెరిగే, మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా అనే క్యాన్సర్ సరిగ్గా ఇలాగే దాక్కుంటుంది. నీళ్ళు తీశాక మిగిలిన గట్టి భాగంలోంచి మళ్ళీ తీయాలి. అడినాయిడ్ సిస్టిక్ క్యాన్సర్, క్యాన్సర్ కాని మామూలు కణితి ప్లియోమార్ఫిక్ అడినోమా సూది స్లైడ్‌లో ఒకదానిలా ఇంకొకటి కనపడగలవు. వార్తిన్ ట్యూమర్ అనే ఇంకో క్యాన్సర్ కాని కణితిలో సూది గుచ్చాక కొన్నిసార్లు లోపలి కణజాలం చచ్చి, గడ్డ వాచి నొప్పి చేస్తుంది. ఆ తర్వాత తీసిన ముక్కలో మారిన కణాలు క్యాన్సర్‌ని తలపిస్తాయి. అందుకే ముందు సూది పరీక్ష జరిగిందని పాథాలజిస్టుకి రాసి పంపాలి. మొత్తం మీద ఈ పరీక్ష, క్యాన్సర్ ఉంటే ఐదింట నాలుగుసార్లు పట్టుకుంటుంది. ఐదోసారి కోసం పరీక్ష, స్కాన్, సూది మూడూ ఒకే మాట చెబుతున్నాయా అని సరిచూసుకోవాలి. ముఖం వంకర పోయి ఉంటే సూది రిపోర్టు ఎంత బాగున్నా నేను నమ్మను.

సూదితో తేలకపోతే అల్ట్రాసౌండ్ చూస్తూ 18 లేదా 20 గేజ్ సూదితో సన్నని ముక్క తీస్తాం. పెరోటిడ్ మీద చర్మం కోసి ముక్క తీయడం మాత్రం చెయ్యం. కారణాలు మూడు. నరం తెగవచ్చు, కణితి కణాలు గాయమంతా చెదరవచ్చు, కోత మానకుండా ఉమ్ము కారుతూ ఉండవచ్చు. చర్మం చిల్లి పడి పుండైన పెద్ద క్యాన్సర్‌లోనూ, నోటి లోపలి చిన్న గ్రంథుల కణితుల్లోనూ మాత్రం ముక్క తీయడం సరైనదే. షోగ్రెన్స్ కోసం పెదవి లోపల నుంచి తీసే చిన్న ముక్క దీనికి సంబంధం లేని వేరే పరీక్ష.

ఆపరేషన్ ముందు ఎంఆర్ఐ. పైపైన కదులుతున్న చిన్న గడ్డకు, సూది రిపోర్టు 4ఏ ఉంటే, అల్ట్రాసౌండే చాలు. లోతు భాగం అనుమానమైనా, మూడు సెంటీమీటర్లు దాటినా, క్యాన్సర్ అనుమానం ఉన్నా, మళ్ళీ వచ్చిన గడ్డ అయినా ఎంఆర్ఐ తప్పదు. ప్లియోమార్ఫిక్ అడినోమా ఎంఆర్ఐలోని టీ2 అనే రకం చిత్రంలో తెల్లగా, చుట్టూ సన్నటి నల్లని అంచుతో కనిపిస్తుంది. టీ2లో నల్లగా, అంచులు చెరిగిపోయి ఉంటే గ్రేడ్ ఎక్కువ క్యాన్సర్ అనుమానం. కాంట్రాస్ట్ ఇచ్చి కొవ్వును అణిచి తీసిన చిత్రంలో నరం మందంగా మెరుస్తోందా అని పుర్రె అడుగున ఉన్న రంధ్రాల దాకా చూడమని రేడియాలజిస్టుకి ప్రత్యేకంగా రాయాలి. "మెడ ఎంఆర్ఐ" అని మాత్రమే రాస్తే పుర్రె అడుగు చిత్రంలో సగమే వస్తుంది. కాంట్రాస్ట్‌కి ముందు క్రియాటినిన్ పరీక్ష, పేస్‌మేకర్ ఉందేమో కనుక్కోవడం మామూలే. క్యాన్సర్ అని తేలితే ఛాతీ సీటీ కూడా, ఎందుకంటే ఇవి ముందుగా వెళ్ళేది ఊపిరితిత్తుల్లోకే.

ప్లియోమార్ఫిక్ అడినోమా క్యాన్సర్ కాదు కదా, ఎందుకు తీయాలి అని అడుగుతారు. అది మందులకు తగ్గదు, దానంతటది పోదు, ఏళ్ళు గడిచేకొద్దీ క్యాన్సర్‌గా మారే అవకాశం పెరుగుతుంది. పెద్దదయ్యాక తీస్తే నరానికి ప్రమాదం కూడా పెరుగుతుంది. పదేళ్ళుగా కదలకుండా ఉన్న గడ్డ ఉన్నట్టుండి రెండు నెలల్లో పెరిగి, నొప్పి మొదలైందంటే అదే జరిగి ఉండొచ్చు. వార్తిన్ ట్యూమర్ అలా కాదు. ఎక్కువగా పొగ తాగేవాళ్ళలో, నడివయసు దాటాక వస్తుంది, పదిమందిలో ఒకరికి రెండు వైపులా ఉంటుంది, క్యాన్సర్‌గా మారడం బహు అరుదు. సూదిలో స్పష్టంగా తేలితే, వయసు మళ్ళి గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఆపరేషన్ లేకుండా చూస్తూ ఉండొచ్చు. ఇంకో మాట: గుట్కా, ఖైనీలకు నోటి క్యాన్సర్‌తో ఉన్నంత సంబంధం ఈ గ్రంథుల క్యాన్సర్లతో లేదు. "నేనేమీ నమలను" అన్న ధీమాతో ఈ గడ్డను వదిలేయకండి.

ఇప్పుడు ఆపరేషన్. పూర్తి మత్తులో, గడ్డను బట్టి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. మత్తు డాక్టరుతో ముందే మాట్లాడుకునేది ఒకటుంది. గొట్టం వేయడానికి ఇచ్చే కండరాల సడలింపు మందు త్వరగా దిగిపోయేదై ఉండాలి. లేకపోతే నరాన్ని తాకినా ముఖం కదలదు, నర్వ్ మానిటర్ ఉన్నా మూగబోతుంది. కంటి మూల, నోటి మూల కనిపించేలా పారదర్శక షీటు వేస్తాం.

కోత చెవి ముందు ముడతలోంచి, తమ్మె కింద చుట్టి, మెడ ముడతలోకి. మానాక పెద్దగా కనపడదు. చర్మాన్ని లేపేటప్పుడు చెవి తమ్మెకు స్పర్శనిచ్చే నరం అడ్డొస్తుంది. దాని వెనక కొమ్మను కాపాడగలిగితే తర్వాత తమ్మె మొద్దుబారడం తగ్గుతుంది. కమ్మలు పెట్టుకునే ఆడవాళ్ళకు ఇది ముఖ్యం, ముందే చెబుతాం.

అసలు పని ముఖనరం మొదలును వెతకడం. చెవి మృదులాస్థి కొన లోపలికి వేలు చూపిస్తున్నట్టు ఉంటుంది. అక్కడి నుంచి సుమారు సెంటీమీటరు లోతున, కొంచెం కిందుగా నరం ఉంటుంది. కింద డైగాస్ట్రిక్ కండరం, వెనక మాస్టాయిడ్ ఎముక అంచు. ఈ మూడూ కలిసే చోట కణజాలాన్ని నరం సాగే దిశలోనే సన్నని క్లాంపుతో విప్పుతూ వెళ్ళాలి, ఎప్పుడూ అడ్డంగా కాదు. ఆ చోటే ఒక చిన్న ధమని కారడం మొదలుపెడుతుంది. రక్తం నిండిన గుంటలో గుడ్డిగా కాటరీ (రక్తనాళాన్ని కాల్చి మూసే పరికరం) పెట్టిన క్షణమే నరాలు కాలిపోయేది. ఒక గాజుగుడ్డ ముక్క పెట్టి నొక్కి, రెండు నిమిషాలు ఆగి, బైపోలార్ కాటరీతో ఆ నాళాన్ని మాత్రమే పట్టుకుంటాం. రక్తం తుడిచాక తెల్లగా, సుమారు రెండు మిల్లీమీటర్ల మందంతో, తడిగా మెరుస్తూ నరం కనిపిస్తుంది. స్టిమ్యులేటర్ కొనను తక్కువ కరెంటుతో ఆనిస్తే పెదవి మూల, కనురెప్ప ఒక్కసారి అదురుతాయి. అక్కడి నుంచి అది రెండుగా, తర్వాత ఐదు కొమ్మలుగా చీలుతుంది. ఒక్కో కొమ్మ మీదుగా గ్రంథిని విప్పుతూ, గడ్డను చుట్టూ కొంత మంచి కణజాలంతో సహా లేపుతాం.

గడ్డను ఒక్కదాన్నే గుజ్జులా పెకిలించి ఎందుకు తీయకూడదంటే, ప్లియోమార్ఫిక్ అడినోమా తొడుగు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల చాలా పల్చన, కొన్నిచోట్ల అసలుండదు, అక్కడక్కడా చిన్న మొలకలు తొడుగు దాటి బయటికి వస్తాయి. పాతకాలంలో పెకిలించి తీసినప్పుడు ఐదింట ఒకటికి పైగా మళ్ళీ వచ్చేవి. చుట్టూ కణజాలంతో సరిగ్గా తీస్తే 5 శాతం లోపు. మళ్ళీ వచ్చేది ఒక గడ్డగా రాదు. ఏళ్ళ తర్వాత, చర్మం కిందా పాత మచ్చలోనూ నరం చుట్టూ కూడా చిన్న చిన్న ముత్యాల్లా పదీ ఇరవై వస్తాయి. అప్పుడు నరం మచ్చ కణజాలంలో ఇరుక్కుని ఉంటుంది, రెండో ఆపరేషన్‌లో నరం దెబ్బతినే ప్రమాదం ఎన్నో రెట్లు. మొదటి ఆపరేషన్ సరిగ్గా జరగాలని నేను పట్టుబట్టేది ఇందుకే. గడ్డ పగిలితే ఆ సంగతి ఆపరేషన్ నోట్స్‌లో రాయాలి, పేషెంట్‌కి చెప్పాలి, చెకప్‌లు ఎక్కువ ఏళ్ళు పొడిగించాలి. పైన కదులుతున్న మూడు సెంటీమీటర్ల లోపు గడ్డలకు గ్రంథినంతా విప్పకుండా, తొడుగు బయట నుంచి జాగ్రత్తగా తీసే పద్ధతి కూడా ఉంది. అనుభవం ఉన్న చేతుల్లో అదీ మంచి ఫలితాలే ఇస్తుంది.

దవడ కింది గ్రంథికైతే గడ్డను కాదు, గ్రంథి మొత్తాన్ని తీస్తాం. కోత దవడ అంచుకి రెండు వేళ్ళ కింద. కింది పెదవిని కదిపే నరం ఆ పైనే వెళ్తుంది. నాలుకకు స్పర్శనిచ్చే నరం, నాలుకను కదిపే నరం గ్రంథి అడుగున ఉంటాయి.

క్యాన్సర్ అయినప్పుడు గ్రంథి చాలావరకు లేదా పూర్తిగా పోతుంది, లింఫ్ గ్రంథుల్లోకి పాకినా, గ్రేడ్ ఎక్కువైనా మెడ గ్రంథులు కూడా తీస్తాం. పని చేస్తున్న నరాన్ని, కణితి దాని చుట్టూ అల్లుకుపోయి ఉంటే తప్ప, కోయం. నరం మీద మిగిలిన కణితి పొర సంగతి రేడియేషన్ చూసుకుంటుంది. ముందే పడిపోయిన నరమైతే తీసి, చెవి పక్క నుంచో పిక్క నుంచో ఇంకో నరం ముక్క తెచ్చి అదే రోజు అతుకుతాం. అది పనిచేయడానికి ఆరు నెలల నుంచి ఏడాది పైన పడుతుంది. ఈలోగా కన్ను మూతపడేందుకు పై రెప్పలో చిన్న బంగారు బరువు పెట్టొచ్చు.

ఆపరేషన్ తర్వాత ఒక చిన్న డ్రెయిన్ గొట్టం ఉంటుంది. 24 గంటల్లో 20, 30 మిల్లీలీటర్ల లోపుకి తగ్గాక తీస్తాం, సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు. కుట్లు వారం లోపు. నరాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకున్నా, విప్పిన కొమ్మలు కొంతకాలం అలిసిపోతాయి. నలుగురిలో ఒకరికైనా కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా ముఖం కొంత బలహీనంగా ఉంటుంది. శాశ్వతంగా ఉండిపోవడం, క్యాన్సర్ కాని గడ్డలకు మొదటి ఆపరేషన్‌లో, 5 శాతం లోపే. ఆ వారాల్లో కాపాడుకోవాల్సింది కన్ను. పగలు గంట గంటకూ కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్పను టేపుతో మూసి పడుకోవాలి. మూతి వంకర చాలామందికి తగ్గుతుంది, కంటి నల్లగుడ్డు మీద పుండు పడితే చూపు తిరిగి రాకపోవచ్చు.

తినేటప్పుడు కోత కింద ఉబ్బితే లోపల ఉమ్ము చేరిందన్నమాట. సూదితో తీసి, బిగుతుగా కట్టు కడితే కొన్ని వారాల్లో ఆగిపోతుంది. అన్నాళ్ళూ పులుపు తగ్గించాలి. నెలల తర్వాత ఇంకోటి మొదలవుతుంది. ఆవకాయ కలిపిన ముద్ద నోట్లో పెట్టగానే చెవి ముందు చర్మం ఎర్రబడి చెమట కారుతుంది. ఉమ్ము గ్రంథికి వెళ్ళాల్సిన నరపు పోగులు దారి తప్పి చెమట గ్రంథులకు అతుక్కోవడం దీనికి కారణం. 1923లో దీన్ని వివరించిన పోలండ్ న్యూరాలజిస్టు లూట్సియా ఫ్రే పేరుతోనే ఫ్రే సిండ్రోమ్ అంటారు. చాలామందికి వైద్యం అక్కర్లేదు. బాధగా ఉంటే బోటాక్స్ ఇంజెక్షన్లు నెలల పాటు ఆపుతాయి. లోతు భాగం ఆపరేషన్ తర్వాత కొందరికి భోజనంలో మొదటి ముద్దకే దవడ దగ్గర జివ్వున నొప్పి లేచి, తర్వాతి ముద్దలకు తగ్గిపోతుంది. భయపడాల్సింది కాదు, కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది.

చివరి పాథాలజీ రిపోర్టుకి వారం పది రోజులు పడుతుంది. అసలు నిర్ణయం అప్పుడే. రకం, గ్రేడ్, అంచులు ఖాళీగా ఉన్నాయా, నరాల చుట్టూ పాకిందా, లింఫ్ గ్రంథులు ఎన్నిటిలో ఉంది. ఇవన్నీ రిపోర్టులో లేకపోతే అడిగి రాయించుకోవాలి. గ్రేడ్ ఎక్కువైనా, అడినాయిడ్ సిస్టిక్ అయినా, అంచుకి దగ్గరగా ఉన్నా, నరాల చుట్టూ పాకినా, కణితి నాలుగు సెంటీమీటర్లు దాటినా, లింఫ్ గ్రంథుల్లో ఉన్నా రేడియేషన్ సలహా ఇస్తాం. మొత్తం మోతాదు 60 నుంచి 66 గ్రే (రేడియేషన్ కొలత), రోజుకి 2 గ్రే చొప్పున వారానికి ఐదు రోజులు, అంటే ఆరు వారాల పైన. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలవ్వాలి. ఇది ఆలస్యమయ్యేది సాధారణంగా పళ్ళ దగ్గరే. పీకాల్సిన పళ్ళు రేడియేషన్‌కి కనీసం రెండు వారాల ముందే పీకాలి, ఆ తర్వాత పీకితే దవడ ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉంటుంది. అందుకే పాథాలజీ రిపోర్టు కోసం ఎదురుచూసే వారంలోనే డెంటిస్టుకి చూపించమంటాను. రేడియేషన్ జరుగుతున్నప్పుడు లీటరు నీళ్ళలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించాలి. కారం, పచ్చళ్ళు ఆపాలి. రోజూ నోరు పూర్తిగా తెరిచే వ్యాయామం చేయకపోతే దవడ బిగుసుకుపోతుంది.

కీమోతో ఇవి నయం కావు. పాకిన దశలో మాత్రం కణితి రకాన్ని బట్టి మందులున్నాయి. సాలివరీ డక్ట్ కార్సినోమా అనే రకంలో హెర్2, ఆండ్రోజన్ రిసెప్టార్ పరీక్షలు, సెక్రిటరీ కార్సినోమా అనే రకంలో ఎన్‌టీఆర్‌కే జన్యు పరీక్ష చేయించాలి. పాజిటివ్ వస్తే దానికి తగిన మందు బాగా పనిచేస్తుంది. ఈ పరీక్షలు పాత పారఫిన్ బ్లాకు, అంటే తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మ, మీదే చేయొచ్చు.

ఎక్కడ చేయించుకోవాలంటే, పెరోటిడ్ ఆపరేషన్లు తరచూ చేసే తల, మెడ సర్జన్ దగ్గర. ఈఎన్‌టీ అయినా, క్యాన్సర్ సర్జన్ అయినా, మాక్సిలోఫేషియల్ అయినా ఫర్వాలేదు. "నరాన్ని ముందు గుర్తించి చేస్తారా సార్, ఇలాంటివి ఎన్ని చేస్తుంటారు" అని అడగడంలో తప్పు లేదు, అడిగితే మాకు కోపం రాదు. క్యాన్సర్ అయితే సర్జన్, రేడియేషన్ డాక్టరు, పాథాలజిస్టు కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డు ఉన్నచోటికి వెళ్ళాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా ఆసుపత్రి అలాంటివి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ వైద్యం దొరుకుతుంది. సూది రిపోర్టు, స్కాన్ సీడీ, ఆధార్, కార్డు వెంట తీసుకెళ్తే మొదటి రోజు వృథా పోదు.

చెకప్‌లు మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి, తర్వాత దూరం పెంచుతూ, ఐదేళ్ళ తర్వాత ఏడాదికోసారి. మిగతా క్యాన్సర్లలో ఐదేళ్ళు దాటితే ఊపిరి పీల్చుకుంటాం. అడినాయిడ్ సిస్టిక్‌లో అలా కుదరదు. పదేళ్ళు, పదిహేనేళ్ళ తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో చుక్కలుగా కనిపిస్తుంది. వాటితోనే ఏళ్ళ తరబడి పొలం పనులు చేసుకుంటూ తిరిగేవాళ్ళూ ఉన్నారు, పెరుగుదల వేగాన్ని చూసి మందు మొదలుపెడతాం. అందుకే ఏటా ఛాతీ స్కాన్ ఆపొద్దు. ఆపరేషన్ నోట్స్, పాథాలజీ రిపోర్టు కాపీలు ఇంట్లో భద్రంగా పెట్టుకోండి, పారఫిన్ బ్లాకులు ఏ ల్యాబ్‌లో ఉన్నాయో ఫైలు అట్ట మీద రాసి పెట్టుకోండి. చాలా ల్యాబ్‌లు వాటిని కొన్నేళ్ళే దాచుతాయి, కాబట్టి గడువులోపే వెళ్ళి తెచ్చుకుని ఎండ తగలని చల్లని చోట ఉంచండి.